ఇల్లు కదలకున్నను కదలిన చిరునామా



ఇల్లు మారినవారు బ్యాంకులో తమ చిరునామాను మార్పించుకొనుట యనునది రేడియోలో ప్రసంగింపదగినంతటి విషయమా యని మీలో కొందరికి సంశయము కలుగవచ్చును. ఒక కాగితము పూరించి, క్రింద సంతకము చేసి, శాఖలో ఇచ్చి వచ్చిన ముగిసిపోవు పనికి ఇంత ఉపోద్ఘాతమేల యనియు తోచవచ్చును. కాని సూర్యాపేట జిల్లా అనంతగిరి మండలములోని యే పెద్దనైనను అడిగి చూడుడు. ఇల్లు మారినవారి మాట అటుండగా, తాతలనాటి గడపను విడిచి ఒక్క యేడైనను వేరొకచోట కాపురముండనివారి చిరునామా సైతము వారి జీవితకాలముననే ఎన్ని పర్యాయములు మారినదో వారు వ్రేళ్లపై లెక్కించి చెప్పగలరు.

1948 సెప్టెంబరు వరకును ఈ ప్రాంతము నిజాము ఏలుబడిలోని నల్లగొండ జిల్లాకు చెందియుండెను. అటు పిమ్మట ఎనిమిదేండ్లు హైదరాబాదు రాష్ట్రమున నుండెను. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశములో చేరెను. 1985లో తాలూకాల స్థానమున మండలములు వెలసినప్పుడు అనంతగిరి కోదాడ మండలములోని గ్రామమయ్యెను. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రములో భాగమయ్యెను. 2016 అక్టోబరు 11వ తేదీన, విజయదశమినాడు, సూర్యాపేట జిల్లా నల్లగొండనుండి విడివడి యేర్పడినప్పుడు అనంతగిరి తానే మండల కేంద్రమయ్యెను. ఈ మండలపు గొండ్రియాలలోనో అమీనాబాదులోనో పుట్టి, ఎనుబది యేండ్లు నిండియు ఊరు విడువని వృద్ధుడు, తాను కదలకయే ఒక రాజ్యమును, మూడు రాష్ట్రములను, రెండు జిల్లాలను, రెండు మండలములను చూచినవాడగుచున్నాడు. పొరుగుననున్న మునగాల పరగణా చరిత్రము ఇంతకన్నను విచిత్రమైనది. చుట్టును నిజాము రాజ్యమే వ్యాపించియుండగా, ఆ పరగణా మాత్రము కృష్ణా జిల్లాకు చెంది ఆంగ్లేయుల పాలనలో నుండెను. కొమర్రాజు లక్ష్మణరావుగారు దివానుగా నుండి నిర్వహించిన సంస్థానము అదియే. ఆంధ్రప్రదేశావతరణమునకు తరువాతనే అది నల్లగొండ జిల్లాలో కలిసినది. ఈ నేలపై చిరునామా యనునది గృహస్థుని యిచ్ఛపై మాత్రమే ఆధారపడినది కాదనుటకు ఇంతకన్న నిదర్శనము కావలెనా?

ఇన్ని మార్పుల నడుమను మారక నిలిచినది ఒక్కటి కలదు, అది పిన్‌కోడ్. 1972 ఆగస్టు 15వ తేదీన తపాలాశాఖవారు దేశమంతటను ప్రవేశపెట్టిన ఈ ఆరంకెల సంఖ్యలో మొదటి అంకె తపాలా ప్రాంతమును, మొదటి మూడంకెలు ఉత్తరములను వేరుచేయు జిల్లాను, కడపటి మూడు బట్వాడా చేయు తపాలా కార్యాలయమును సూచించును. కోదాడ కార్యాలయమునకు నాడు కేటాయించిన 508206 అను సంఖ్య, రాష్ట్రము మారినను, జిల్లా మారినను, నేటికిని అట్లే యున్నది. దేశములో ఒకే పేరు గల ఊళ్లు అనేకములుండుటయు ఈ సంఖ్య ఆవశ్యకమగుటకు ఒక కారణము. అందులకు అనంతగిరియే చక్కని ఉదాహరణము. అనంతపద్మనాభస్వామి వెలసిన అనంతగిరి వికారాబాదు చెంతనున్నది. దాని సంఖ్య 501తో మొదలగును. బొర్రా గుహలును, కాఫీ తోటలును గల అనంతగిరి విశాఖ మన్యమున నున్నది. దాని సంఖ్య 53తో మొదలగును. మన అనంతగిరికి వచ్చునది 508తో మొదలగును. బ్యాంకు కాగితముపై ఊరిపేరు మాత్రము వ్రాసి సంఖ్యను విడిచినవాని ఏటీఎం కార్డు వికారాబాదు కొండలకో విశాఖ కనుమలకో ప్రయాణము కట్టినచో, అందుకు తపాలావారిని నిందించి ప్రయోజనము లేదు.

చిరునామా మార్చుకొన్నవారు ఖాతాదారులు మాత్రమే కాదు, బ్యాంకులును మార్చుకొన్నవి. నిజాము కాలమున 1941లో హైదరాబాదు స్టేట్ బ్యాంకుగా నెలకొని, పిమ్మట స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదుగా మూడు తరములవారికి పరిచితమైన సంస్థ, 2017 ఏప్రిల్ 1వ తేదీన భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైనది. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో మచిలీపట్నమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో లయించినది. నల్లగొండ, ఖమ్మము జిల్లాల రైతులకు తెలిసిన నాగార్జున గ్రామీణ బ్యాంకు, 2006లో మరి నాలుగింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస బ్యాంకయ్యెను. దాని తెలంగాణ శాఖలు 2025 జనవరి 1వ తేదీనుండి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరినవి. అందుచేత ఈ ప్రాంతపు పెట్టెలలో భద్రముగా దాచియుంచిన పాసుపుస్తకములు పెక్కింటిపై, నేడు లేని బ్యాంకు పేరును, నేడు వర్తింపని జిల్లా పేరును, నేడు మారిన రాష్ట్రము పేరును ఒక్కచోటనే కానవచ్చును. శాఖను గుర్తించు పదకొండక్షరముల ఐఎఫ్ఎస్‌సీ కోడులును ఈ విలీనములలో మారినవి గనుక, పాత పుస్తకము చూచి కోడు వ్రాసి యిచ్చువారు ముందుగా క్రొత్తదానితో సరిచూచుకొనవలెను.

ఇక నిజముగనే ఇల్లు కదలినవారి విషయము. పిల్లల చదువులకై అనంతగిరినుండి కోదాడకు, వ్యాపారార్థము సూర్యాపేటకు, ధాన్యపు మిల్లులలో కొలువులకై మిర్యాలగూడకు, 65వ జాతీయ రహదారి చేరువ చేసిన హైదరాబాదు శివారులకు తరలిపోయినవారి కుటుంబములు ప్రతి గ్రామమునను కొన్ని కలవు. కృష్ణాతీరమున పులిచింతల జలాశయమునకు తమ ఊళ్లను సమర్పించి, పునరావాస గృహములకు చేరినవారును ఈ చుట్టుప్రక్కలనే యున్నారు. ఇట్లు పోవువారు గ్యాసు కనెక్షనును మార్పింతురు, బడిలో పిల్లల పేర్లను మార్పింతురు, రేషను కార్డు సంగతి విచారింతురు. బ్యాంకును మాత్రము మరతురు. ఏలయనగా బ్యాంకు పని ఆగదు. ఏటీఎమున డబ్బు వచ్చుచునే యుండును. ఫోనులో చెల్లింపులు జరుగుచునే యుండును. పంట డబ్బు ఖాతాలో పడుచునే యుండును. ఆటంకము లేని దానిని గూర్చి ఆలోచింపకుండుట మానవస్వభావము. ఈ విస్మృతి వలని నష్టము నాటికి నాడు తెలియరాదు. తెలిసిన నాడు కాలము మించిపోయియుండును. అందుచేతనే ఇంత వివరముగా చెప్పవలసివచ్చినది.

ఆ నష్టమెట్టిదో ఈ ప్రాంతపు వ్యవహారములనుండియే చూతము. వానకారు పెట్టుబడికై ఇంటి ఇల్లాలి నగలను బ్యాంకులో కుదువబెట్టుట ఇక్కడి సేద్యగాండ్రకు క్రొత్త కాదు. గడువు మీరిన బంగారు ఋణమునకు వేలము వేయుటకు ముందు ఋణస్థునికి తగిన నోటీసు ఇవ్వవలెనని రిజర్వు బ్యాంకు నియమము. కాని ఋణస్థుని జాడ తెలియనిచో బహిరంగ ప్రకటన చేసి, ఒక నెల గడచిన పిమ్మట వేలమునకు పూనుకొనవచ్చునని 2025 జూన్‌లో వెలువడిన నిబంధనలలోనే కలదు. అట్లే బ్యాంకు లాకరు ఏడు సంవత్సరములు తెరువబడక, దానిని అద్దెకు తీసికొన్నవాడు ఎచ్చటనున్నదియు తెలియనిచో, అద్దె క్రమముగా ముట్టుచున్నప్పటికిని, అందలి వస్తువులను వారసులకు అప్పగించుటకో, బహిరంగముగా విక్రయించుటకో బ్యాంకునకు అధికారము కలదు. ఋణమెత్తినవాడును, సొత్తు దాచుకొన్నవాడును ఇద్దరును ఇచట ఒక్కటియే. బ్యాంకువారు వెదకినప్పుడు దొరకనివాని హక్కు క్షీణించును.

రెండేండ్లు లావాదేవీలు లేని ఖాతా నిద్రాణమగును. పదేండ్లు ఎవరును అడుగని సొమ్ము రిజర్వు బ్యాంకు నిర్వహించు డిపాజిటర్ల విద్యా, అవగాహన నిధికి పోవును. ఆ సొమ్ము నష్టమైనట్లు కాదు. హక్కుదారు ఎన్నడు వచ్చినను తన బ్యాంకు ద్వారమున దానిని తిరిగి పొందవచ్చును. 2023 ఆగస్టులో ప్రారంభమైన ఉద్గమ్ అను జాలస్థలమున పేరు వెదకి చూచుకొనవచ్చును. కాని పాత చిరునామాకు పోయిన ఉత్తరము సకాలమున చేరియున్నచో ఆ వెదకులాటయే అవసరము కాకుండెడిది. ఇక చట్టము మాట. సరియైన చిరునామా వ్రాసి, రుసుము చెల్లించి, రిజిస్టరు తపాలాలో పంపిన లేఖ, అందలేదని ఋజువగునంతవరకును, అందినట్లే భావింపబడునని 1897 నాటి జనరల్ క్లాజుల చట్టములోని 27వ విభాగము చెప్పుచున్నది. బ్యాంకు తనకు మీరిచ్చిన చిరునామాకే వ్రాయును. ఇల్లు మారితిననియు, ఉత్తరము చూడలేదనియు తరువాత మొరపెట్టుకొనువానిని, మారిన సంగతి ఎన్నడు తెలిపితివని న్యాయస్థానము ముందుగా అడుగును. నాగార్జునసాగరు ఎడమ కాలువ నిండుగా పారుచున్నను, తూము మూసికొనియున్న రైతు మడి తడవదు గదా.

కాబట్టి చిరునామా మార్పించుకొనుట బ్యాంకువారికి చేయు ఉపకారమనియు, వారి పుస్తకములు శుభ్రముగా నుండుటకై మనపై మోపబడిన శ్రమయనియు తలచుట పొరపాటు. తన సొమ్ము విషయమున ఏది జరిగినను తనకు తెలియజేయబడవలెనను హక్కు డిపాజిటరుది; ఆ హక్కు నిలుచుటకు ఆధారమైన వాక్యము చిరునామా. దానిని సరిచూచుకొనువాడు తన హక్కును తాను కాపాడుకొనుచున్నాడు.

ఈ పని చేయు విధానము, జనులు భయపడునంత కఠినమైనది కాదు. 2002లో రిజర్వు బ్యాంకువారు 'మీ ఖాతాదారుని ఎరుగుడు' అను సూత్రముతో జారీచేసిన ఆదేశములు, అనంతరము అక్రమ ధన చలామణి (మనీ లాండరింగ్) నిరోధక చట్టముతో బలపడి, నేడు కేవైసీ యను మూడక్షరములుగా ఊరూర వినవచ్చుచున్నవి. పాస్‌పోర్టు, డ్రైవింగు లైసెన్సు, ఆధార్, ఓటరు కార్డు, ప్రభుత్వాధికారి సంతకము గల ఉపాధిహామీ జాబ్‌కార్డు, జాతీయ జనాభా రిజిస్టరువారి లేఖ — ఈ ఆరింటిలో క్రొత్త చిరునామా గల ఏదైనను ఒక్కటి చాలును. వానిలో పాత చిరునామాయే యున్నచో, రెండు నెలలకు మించని కరెంటు బిల్లో, నీటి బిల్లో, టెలిఫోను బిల్లో, ఇంటిపన్ను రశీదో, ప్రభుత్వోద్యోగులకు క్వార్టరు కేటాయించిన ఉత్తరమో, చిరునామా గల పింఛను ఉత్తరువో తాత్కాలికముగా అంగీకరింతురు. అట్టివారు మూడు నెలలలోగా క్రొత్త చిరునామా గల అసలు పత్రమును సమర్పింపవలెను.

ఖాతాదారుని వివరములలో చిరునామా ఒక్కటే మారియున్నచో, మునుపటివలె కాగితముల కట్టతో శాఖకు పరుగెత్తనక్కరలేదని రిజర్వు బ్యాంకు 2023 జనవరిలో విస్పష్టముగా తెలిపినది. ఖాతాకు జతపరచిన ఫోను ద్వారానో, ఈమెయిలు ద్వారానో, ఏటీఎమునందో, నెట్ బ్యాంకింగునందో, లేదా ఉత్తరము వ్రాసియో, 'నా చిరునామా ఇట్లు మారినది' అని ఖాతాదారుడే స్వయముగా ప్రకటించిన చాలును. ఆ ప్రకటనను రెండు నెలలలోగా పరిశీలించి నిర్ధారించుకొనుట బ్యాంకు బాధ్యత. క్రొత్త చిరునామాకు ఒక లేఖ పంపియో, మనిషిని పంపియో, చెక్కుపుస్తకము వంటిది అక్కడికి చేర్చియో వారు ఆ పని చేయుదురు. అప్పుడు ఇంట లేమని తలుపు మూసి పంపక, వచ్చినదానిని స్వీకరించుట మన వంతు. ఊరిలో చిన్న యంత్రముతో డబ్బు ఇచ్చి పుచ్చుకొను బ్యాంకు మిత్రల ద్వారా కూడ ఇట్టి ప్రకటన చేయవచ్చునని 2025 జూన్ 12వ తేదీ నాటి సవరణ అనుమతించినది. ముసలివారికిని, కోదాడ వరకు పోలేనివారికిని ఇది పెద్ద ఉపశమనము. సమర్పించిన పత్రములలో మార్పు జరిగిన ముప్పది దినములలోగా బ్యాంకునకు తెలుపవలెననుట నియమము. ఆ ముప్పది దినములు దాటిపోయినవని సిగ్గుపడి ఊరకుండరాదు. ఆలస్యముగనైనను చెప్పుట, ఎన్నడును చెప్పకుండుటకన్న వేయిరెట్లు మేలు.

పత్రము చూపవలసివచ్చినచో అద్దెయింట నుండువారి కష్టము మాత్రము వేరు. కరెంటు బిల్లు ఇంటి యజమాని పేర వచ్చును. ఇంటిపన్ను రశీదు అతనిదే. ఇట్టివారు ముందుగా ఆధార్‌లో చిరునామా మార్పించుకొనుట సుగమమైన మార్గము. కుటుంబ పెద్ద ఆధార్ ఆధారముగా, ఆయన సమ్మతితో, ఆయనతో నుండువారి చిరునామాను మార్చుకొను సదుపాయము 2023 జనవరినుండి కలదు. ఇచట ఒక భ్రమను తొలగింపవలెను: ఆధార్‌లో మారినంతమాత్రమున బ్యాంకు పుస్తకములలో దానంతటదియే మారినదని నమ్మి కూర్చుండరాదు. అడిగి, మారినదో లేదో పాసుపుస్తకములో అచ్చు వేయించి చూచుకొనవలెను.

మరి నాలుగు జాగ్రత్తలు కలవు. మొదటిది, ఒక బ్యాంకులో తెలిపినది రెండవ బ్యాంకునకు తెలిపినట్లు భావింపరాదు. రెండవది, ఒకే బ్యాంకులో మీకెన్ని ఖాతాలున్నను మీ ఖాతాదారు సంఖ్య సాధారణముగా ఒక్కటే గనుక మార్పు అన్నింటికిని వర్తించును. కాని ఉమ్మడి ఖాతాలో భార్యకు ఒక సంఖ్య, భర్తకు ఒక సంఖ్య యుండును. ఇరువురును వేరువేరుగా తెలుపవలెను. మూడవది, చిరునామా మార్చునప్పుడే ఫోను సంఖ్యయు, నామినీ పేరును సరిగా నున్నవో లేవో చూచుకొనుట వివేకము. నాలుగవది మిగుల ముఖ్యము: కేవైసీ గడువు ముగిసినదనియు, ఈ లంకె నొక్కి వెంటనే చిరునామా సరిచేయకున్న ఖాతా నిలిచిపోవుననియు ఫోనులో వచ్చు బెదిరింపులు మోసగాండ్రవి. ఏ బ్యాంకును ఓటీపీని గాని, పిన్ను గాని ఫోనులో అడుగదు. మోసపోయినట్లు తోచిన తక్షణమే 1930 అను సంఖ్యకు తెలుపవలెను.

చిరునామా వ్రాయుటయందు కూడ ఒక క్రమము కలదు. ఇంటి సంఖ్య, వీధి, గ్రామము, మండలము, జిల్లా, రాష్ట్రము, పిన్‌కోడ్ — ఈ వరుసను తప్పక, ఆధార్‌లో ఎట్లున్నదో అట్లే, ఒక్క అక్షరమైనను భేదింపక వ్రాయుట మంచిది. ఇల్లు కదలనివారు సైతము, తమ పాసుపుస్తకములో ఇంకను కోదాడ మండలము, నల్లగొండ జిల్లా, ఆంధ్రప్రదేశము అని యున్నచో, తదుపరి పర్యాయము బ్యాంకునకు పోయినప్పుడు దానిని అనంతగిరి మండలము, సూర్యాపేట జిల్లా, తెలంగాణ అని దిద్దించుకొనుట యుక్తము. ఉత్తరము పిన్‌కోడ్ చూచి ఎట్లో చేరునుగాని, రెండు పత్రములపై రెండు జిల్లాలు కనబడినపుడు, వృద్ధుని మరణానంతరము వారసులు సొమ్ముకై పోయిన దినమున, ఈ ఇద్దరును ఒక్క మనిషియేనా యను ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవాడు అప్పటికి లేకుండును.

ఇచ్చిన దరఖాస్తునకు రశీదు అడుగుట మరువకుడు. ప్రతిపై ముద్ర, తేదీ వేయించి దాచుకొనుడు. ఫోనులో తెలిపినచో వచ్చిన సందేశమును చెరుపకుడు. శాఖవారు కారణము లేక నిరాకరించినచో వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయుడు. ముప్పది దినములలో సమాధానము రాకున్నను, వచ్చినది తృప్తికరముగా లేకున్నను, రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండ మొరపెట్టుకొనవచ్చును.

శ్రోతలారా, చదువుకొన్న యువకులు తమ ఖాతాలను ఫోనుపై నిమిషములలో సరిచేసికొందురు. వారికి ఈ ప్రసంగముతో పని లేదనుకొనవచ్చును. నా విన్నపము ముఖ్యముగా వారికే. ఊరిలో మిగిలిన తల్లిదండ్రుల పాసుపుస్తకములను రానున్న పండుగకు ఇంటికి వచ్చినప్పుడు ఒకమారు తెరిచి చూడుడు. ఏ బ్యాంకు పేరున్నది, ఏ జిల్లా యున్నది, ఏ ఫోను సంఖ్య యున్నది, నామినీగా ఎవరున్నారు అని అడుగుడు. తప్పున్నచో వారి సమ్మతితో, వారి సమక్షముననే, బ్యాంకు మిత్ర వద్దనో శాఖలోనో దిద్దింపుడు. ప్రభుత్వములు తమ పటములను తమ అవసరము కొలది మార్చుకొనుచునే యుండును; బ్యాంకులు తమ పేర్లను మార్చుకొనుచునే యుండును; వానిని మనము నిలుపజాలము. మన సొమ్మును గూర్చిన ఉత్తరము మన యింటికే రావలెనని కోరుట మాత్రము మన చేతిలోని పని. ఆ కోరికను బ్యాంకువారికి వ్రాసి యిచ్చుటకు ఒక తెల్లకాగితము చాలును.